నీడ చూపించండి, స్తంభం చెప్పకండి: సైన్స్ ఫిక్షన్ మిస్టరీని ఇంకొకరి చేత చదివించడం ఎలా

నల్గొండకు చుట్టాలొస్తే మేం పానగల్లు తీసుకుపోతాం. ఊరి పక్కనే. ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడిలో శివలింగం మీద స్తంభం లాంటి నీడ పడుతుంది. పొద్దున పోయినా అక్కడే, మధ్యాహ్నం పోయినా అక్కడే. సూర్యుడు తిరుగుతున్నా నీడ తిరగదు. మూడేళ్ల కింద మా మేనమామ కొడుకు వచ్చినప్పుడు ఆటో ఎక్కిన దగ్గర్నుంచే నేను మొదలుపెట్టాను. స్తంభాలు ఎట్లా నిలబెట్టారు, వెలుతురు ఎటు నుంచి వస్తుంది, నీడ ఎందుకు కదలదు... గుడి దగ్గర దిగేసరికి మొత్తం విప్పేశాను. వాడు లోపలికి పోయి అర నిమిషం చూసి, "ఆఁ, నువ్వు చెప్పినట్టే ఉంది బావా" అని బయటికొచ్చి ఫోన్ తీశాడు.

తర్వాతి ఏడాది వాడి చెల్లెలు వచ్చింది. ఈసారి నోరు కట్టేసుకున్నాను. "ఆ నీడ ఏ స్తంభానిదో చెప్పు చూద్దాం" అని మాత్రం అన్నాను. ఆ పిల్ల ముప్పావు గంట ఒక్కో స్తంభం దగ్గరికి పోయి నిలబడింది, చెయ్యి అడ్డం పెట్టి చూసింది, పూజారిని ప్రశ్నలతో విసిగించింది. అన్నం టైం దాటినా బయటికి రాలేదు.

పుస్తకం ఇచ్చేటప్పుడూ ఇదే ఇబ్బంది. సైన్స్ ఫిక్షన్ మిస్టరీ అయితే ఇంకా చిక్కు. మామూలు డిటెక్టివ్ నవల గురించి చెప్పేటప్పుడు హంతకుడి పేరు దాస్తే సరిపోతుంది. ఇక్కడ దాచాల్సిందీ ఉంది, చెప్పి తీరాల్సిందీ ఉంది. ఆ లోకం ఏ నియమం మీద నడుస్తుందో చెప్పకపోతే ఇరవయ్యో పేజీలో మూసేస్తారు. ఆ నియమంలో సందు ఎక్కడుందో చెప్పేస్తే చదవడానికి ఏమీ మిగలదు. నేను ఇచ్చిన పుస్తకాల్లో సగం తిరిగి రాలేదు. వచ్చినవాటిలో సగం చదవకుండానే వచ్చాయి. ఇప్పుడు కొంచెం నయం. ఏం మార్చుకున్నానో వరుసగా చెప్తాను.

ముందు మనిషిని అడగండి, పుస్తకం సంగతి తర్వాత

"మీరు ఏం చదువుతారు?" అని అడగకండి. "టైం ఎక్కడుంది సార్" అంటారు, ముచ్చట అక్కడితో అయిపోతుంది. "ఈ మధ్య మీ బుర్రను వదలకుండా తొలిచిన విషయం ఏంది?" అని అడగండి. అది పుస్తకమే కానక్కర్లేదు.

క్లాక్ టవర్ దగ్గర మేం సాయంత్రాలు కూర్చునే చాయ్ దుకాణంలో ఇదే అడిగితే నాకు దొరికిన జవాబులు చూడండి. రిటైరైన టీచర్ ఒకాయన చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న కొమ్మూరి సాంబశివరావు నవలలు యాది చేసుకున్నాడు. డిటెక్టివ్ యుగంధర్ గదిలోకి రాగానే ఏం చూసేవాడో ఇప్పటికీ చెప్పగలడు. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న పిల్లగాడు, నేరం చేసినట్టు అందరికీ తెలిసినా కోర్టులో కేసు ఎందుకు కొట్టేస్తారో అర్థం కాక తల పట్టుకున్నానన్నాడు. దేవరకొండ వైపు రైతు ఒకాయన మాత్రం, "పక్కాయన చేన్ల నాలుగు వందల ఫీట్లకే నీళ్లు పడ్డయి. నా చేన్ల ఎనిమిది వందలు కొట్టినా దుమ్మే లేసింది. నడుమ ఉన్నది ఒక్క గట్టు. గదెట్ల?" అన్నాడు.

ముగ్గురికీ మిస్టరీ ఆకలే ఉంది, కానీ ఒకే ఆకలి కాదు. టీచర్‌కు "ఎవరు" కావాలి. రైతుకు "ఎట్ల" కావాలి, ఎవరన్నది ఆయనకు అక్కర్లేదు. పిల్లగాడికి "ఎట్ల రుజువు చేస్తరు" కావాలి. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. వయసు, చదువు, ఉద్యోగం చూసి పుస్తకం ఇస్తే చాలాసార్లు బోల్తా పడతాం. ఇంజినీరింగ్ చదివినవాడికి సైన్స్ నవల నచ్చుతుందనే నమ్మకంతో నేను ఎన్ని పుస్తకాలు పోగొట్టుకున్నానో లెక్క లేదు.

మీరు ఇవ్వబోయే పుస్తకం న్యాయంగా ఆడుతుందా?

ఇది మీరు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన పని. అమెరికాలో జాన్ క్యాంప్‌బెల్ అనే పేరున్న పత్రికా సంపాదకుడు సైన్స్ ఫిక్షన్‌కు, డిటెక్టివ్ కథకు పొసగదని అనేవాడు. ఆయన అనుమానంలో అర్థం ఉంది. భవిష్యత్తులో జరిగే కథలో డిటెక్టివ్ చివరి పేజీలో జేబులోంచి ఏదో కొత్త యంత్రం తీసి, "ఇది హంతకుణ్ణి పసిగడుతుంది" అంటే మనం ఏం చేయగలం? రెండు వందల పేజీలు బుర్ర బద్దలు కొట్టుకున్న పాఠకుడికి ఒళ్లు మండదా?

ఐజాక్ అసిమోవ్ ఆ మాటకు పుస్తకంతోనే జవాబు చెప్పాడు. 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' 1953లో పత్రికలో సీరియల్‌గా, 1954లో పుస్తకంగా వచ్చింది. ఆయన పెట్టుకున్న కట్టుబాటు సులువైనదే. కొత్త లోకం ఎంత వింతదైనా ఫర్వాలేదు, దాని నియమాలు మాత్రం ముందే పాఠకుడి ముందు పరిచెయ్యాలి. మధ్యలో మార్చొద్దు, చివర్లో కొత్తవి తేవొద్దు.

అందుకని ఎవరికైనా ఇచ్చే ముందు మీ కాపీలో మొదటి యాభై అరవై పేజీలు మళ్లీ తిరగేయండి. ఆ లోకంలో ఏది కుదురుతుందో, ఏది కుదరదో అక్కడ చెప్పాడా? చివరి జవాబు ఆ మాటల మీదే నిలబడిందా? నిలబడితే అది "ఎవరు" అడిగేవాళ్లకూ ఇవ్వొచ్చు. నిలబడకపోతే చెడ్డ పుస్తకమని కాదు గానీ, యుగంధర్ అభిమానికి మాత్రం ఇవ్వకండి. తిట్లు మీకే.

ఎవరికి ఏది

తెలుగులో డిటెక్టివ్ నవలలకు కొదవ లేదు, సైన్స్ కథలు రాసినవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే పుస్తకంలో పేనినవి మాత్రం నాకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా దొరకలేదు. కాబట్టి ఇక్కడ చెప్పేవి ఇంగ్లిష్ పుస్తకాలే. భాష సంగతి తర్వాత చూద్దాం.

యుగంధర్‌ను మరిచిపోని మా టీచర్ లాంటి వాళ్లకు 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' కళ్లు మూసుకుని ఇవ్వండి. అసిమోవ్ ఇంగ్లిష్ చాలా సాదా. వేల ఏళ్ల తర్వాతి న్యూయార్క్. ఊరంతా ఒకే ఉక్కు కప్పు కింద ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఆకాశం కింద నిలబడని మనుషులు, బయటికి పోవాలంటేనే గుండె దడ. ఊరి పక్కనే వేరే గ్రహాల నుంచి వచ్చినవాళ్ల స్థావరం. అందులో ఒక శాస్త్రవేత్తను చంపేశారు. గేటు గుండా పోతే ఆయుధం లోపలికి పోనివ్వరు. బయటి మైదానం మీదుగా పోవడం ఊరి మనిషి వల్ల కాదు. రోబో చంపిందా అంటే, మనిషికి హాని చెయ్యకూడదన్నది రోబోలకు మొదటి సూత్రం. అన్ని తలుపులూ మూసి, కీలు మన చేతికే ఇచ్చినట్టు ఉంటుంది. దర్యాప్తు చేసే బేలీకి రోబోలంటే పడదు. వాటి వల్ల మనుషుల ఉద్యోగాలు పోతున్నాయని అతని బాధ. డెబ్భై ఏళ్ల కింద రాసిన ఆ పేజీలు ఇప్పుడు మన పిల్లలు కంపెనీల్లో పడుతున్న టెన్షన్‌కు ఎంత దగ్గరగా ఉన్నాయో చదివితే తెలుస్తుంది.

బోరు రైతుకు ఏమివ్వాలో తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. చివరికి జేమ్స్ పి. హోగన్ రాసిన 'ఇన్‌హెరిట్ ద స్టార్స్' తీశాను. 1977 నాటిది. హత్య లేదు, వెంటబడి తరమడాలు లేవు. చంద్రుడి మీద అంతరిక్ష దుస్తుల్లో ఒక శవం దొరుకుతుంది. మనిషి శవమే. వయసు లెక్కగడితే యాభై వేల ఏళ్ల కిందిది. ఇక పుస్తకమంతా శాస్త్రవేత్తలు కూర్చుని వాదించుకోవడమే. ఎముకలు ఏం చెప్తున్నాయి, జేబులో డైరీ ఏం చెప్తోంది, ఒకరి లెక్క ఇంకొకరి లెక్కతో ఎందుకు కలవడం లేదు. నిజం చెప్పాలంటే అందులో మనుషులు అట్టముక్కల్లా ఉంటారు. ఇద్దరి మధ్య ప్రేమో పగో వెతికేవాళ్లకు ఇది పచ్చి బోరు. కానీ "నడుమ ఒక్క గట్టే గదా, గదెట్ల?" అని అడిగే మనిషికి ఇంతకన్నా మంచి పుస్తకం నాకు తెలియదు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. ఇంటర్ చదివే బిడ్డ రాత్రిపూట కథ తెలుగులో చెప్పింది, నాన్న మధ్యలో ఆపి ప్రశ్నలు వేశాడు. ఒక ప్రశ్నకు జవాబు తెలియక ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. ఆ జవాబు ఇంకో నలభై పేజీల తర్వాత ఉంది. అంటే పుస్తకంలోని శాస్త్రవేత్తల కన్నా ఆయనే ముందున్నాడు.

కానిస్టేబుల్ పిల్లగాడికి ఆల్ఫ్రెడ్ బెస్టర్ రాసిన 'ది డిమాలిష్డ్ మ్యాన్'. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో బహుమతి 1953లో మొదటిసారి ఇచ్చినప్పుడు ఉత్తమ నవలగా దీనికే దక్కింది. ఎదుటివాడి మనసులో మాట చదవగలిగే మనుషులు పోలీసుల్లో ఉన్న లోకం. అక్కడ ఒక కోటీశ్వరుడు హత్య చేస్తాడు. చేసింది ఎవరో మనకు మొదట్నుంచే తెలుసు, పోలీసుకూ తెలిసిపోతుంది. కానీ మనసులో చదివింది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఉద్దేశం, పద్ధతి, అవకాశం అన్నీ విడిగా రుజువు చెయ్యాలి. మా పిల్లగాడు పుస్తకం పట్టుకుని, "సార్, గిది నా సిలబస్సే" అన్నాడు. భాష మాత్రం అసిమోవ్ కన్నా గట్టిది. అక్షరాలతో ఆటలాడే పేజీలు కొన్ని ఉన్నాయి. అవి అర్థం కాకపోతే దాటేయమని ముందే చెప్పండి.

"ఉద్యోగం రాదు, ఏం చేసి ఏం లాభం" అని ఉసూరుమంటున్నవాళ్లకు నేను ఒకటే ఇస్తాను, బెన్ హెచ్. వింటర్స్ రాసిన 'ది లాస్ట్ పోలీస్‌మ్యాన్', 2012. ఆరు నెలల్లో గ్రహశకలం భూమిని ఢీకొడుతుందని ఖాయమైపోయింది. జనం పనులు వదిలేసి పోతున్నారు, ఆత్మహత్యలు రోజువారీ వార్తలైపోయాయి. అట్లాంటి టైంలో ఒక కుర్ర డిటెక్టివ్ ఒక ఉరి కేసు చూసి ఇది హత్య అంటాడు. అందరూ "అయితే ఏంది?" అంటారు. ఆ "అయితే ఏంది"కి అతను లొంగకపోవడమే కథ. నీతులేమీ చెప్పదు, అందుకే ఇవ్వగలుగుతున్నా.

టీవీ సీరియళ్లు వదలని మా వదినకు మర్ లాఫర్టీ రాసిన 'సిక్స్ వేక్స్' కథ నోటితో చెప్పాను. అంతరిక్ష నౌకలో ఆరుగురు కొత్త శరీరాల్లో కళ్లు తెరుస్తారు. చుట్టూ వాళ్ల పాత శరీరాలే, హత్యకు గురై. జ్ఞాపకాల్లో పాతికేళ్లు మాయం. ఆరుగురిలో ఒకరే హంతకులు, ఆ సంగతి ఆ మనిషికే యాది లేదు. "అయ్యో, మరి పక్కన పడుకోని నిద్ర ఎట్ల పోతరు?" అంది వదిన. ఇక పుస్తకం ఎవరి చేత చదివించుకోవాలన్నది ఆమె బాధ, నాది కాదు.

మన చుట్టుపక్కల సంగతులంటే చెవి కోసుకునేవాళ్లకు అమితవ్ ఘోష్ రాసిన 'ద కలకత్తా క్రోమోజోమ్' ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడని బళ్లో చదువుకున్నాం కదా. ఆయన అంత సులువుగా సరైన దారి ఎట్లా పట్టాడు, వెనక ఎవరైనా నడిపించారా అన్న అనుమానం మీద ఈ నవల నడుస్తుంది. సైన్స్ ఫిక్షన్ నవలలకు ఇచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు కూడా వచ్చింది. ఒక హెచ్చరిక: ఇది ముడులన్నీ విప్పి చూపించే రకం కాదు. చివరి పేజీ అయ్యాక కూడా కొన్ని ముడులు చేతిలోనే ఉంటాయి. "ఎవరు చేసిండో చెప్పు, ఇంటికి పోతా" అనే మనిషికి ఇస్తే స్నేహం చెడుతుంది.

స్నేహం చెడటమంటే యాదికొచ్చింది. మహబూబ్‌నగర్‌లో లెక్చరర్ ఒకాయనకు నేను మొదటి పుస్తకంగా చైనా మియేవిల్ రాసిన 'ద సిటీ అండ్ ద సిటీ' ఇచ్చాను. నాకు ప్రాణం ఆ పుస్తకమంటే. ఒకే చోట రెండు నగరాలు. సాగర్ డ్యామ్ మీద నిలబడితే ఈ ఒడ్డు మనది, ఆ ఒడ్డు ఆంధ్రది అని వేలు పెట్టి చూపిస్తాం, నడుమ కృష్ణ ఉంటుంది. ఆ నవలలో సరిహద్దు ఒకే వీధిలో, ఒకే ఇంటి గోడల మీదుగా పోతుంది. పక్కన నడుస్తున్న మనిషి ఆ నగరం వాడైతే చూసినా చూడనట్టే ఉండాలి. ఉండకపోతే మహా నేరం. రచయిత ఈ నియమాన్ని ఒక్క ముక్కలో చెప్పడు, పేజీ పేజీకి మనమే ఏరుకోవాలి. లెక్చరర్ గారు రెండు నెలల తర్వాత పుస్తకం తిరిగిచ్చారు. బస్ టికెట్ పదకొండో పేజీలో ఉంది. "మంచి పుస్తకమేనండి, జర సమయం చూస్కొని..." అన్నారు. తప్పు నాది. మనకు బాగా ఇష్టమైన పుస్తకం ఎదుటి మనిషికి మూడోదిగానో నాలుగోదిగానో ఇవ్వాలి.

ఇంగ్లిష్ గండం దాటించడం

పాలమూరులోనైనా మా దగ్గరైనా చాలామందికి ఇంగ్లిష్ చదవడం రాక కాదు, భయం. దానికి తోడు ఈ నవలల్లో లేని మాటలు పుట్టిస్తారు. చదివేవాడు నిఘంటువు తీస్తాడు, అందులో ఉండదు, "నాకు రాదు" అనుకుంటాడు. ఆ మాట రాసినవాడు కల్పించిందని తెలియక.

దీనికి నేను చేసే పని: పాత క్యాలెండర్ కాగితం నాలుగు మడతలు పెట్టి చింపి, ఒక ముక్క మీద పది లైన్లు మించకుండా రాసి పుస్తకంలో పెడతాను. 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'కు పెట్టిన చీటీ ఇట్లా ఉంటుంది. బేలీ: పోలీసు, మన మనిషి. జెస్సీ: అతని భార్య. ఎండర్‌బీ: పై అధికారి. పేరు ముందు ఆర్ అని ఉంటే రోబో అని గుర్తు, ఆర్. డానీల్ అట్లాంటివాడే, చూడ్డానికి మనిషే. స్పేసర్లు: వేరే గ్రహాల్లో స్థిరపడ్డ మనుషులు, మన వాళ్లే, ఇప్పుడు మనల్ని చిన్నచూపు చూస్తారు. పాజిట్రానిక్: రోబో మెదడు రకం, అర్థం వెతకొద్దు, పోనీయండి. అంతే. ఎవరు మంచోళ్లు, ఎవరు చెడ్డోళ్లు అన్నది చీటీలో రానివ్వకండి. ఒకసారి నేను ఒక పాత్ర పేరు కింద గీత గీశాను, ఊరికే అలవాటు కొద్దీ. చదివినాయన మూడో అధ్యాయంలోనే ఆ పేరు పట్టుకున్నాడు.

మరీ భయపడేవాళ్లకు పెద్ద నవల వద్దు. మార్తా వెల్స్ రాసిన 'ఆల్ సిస్టమ్స్ రెడ్' ఒక ఆదివారంలో అయిపోతుంది. కాపలా కాయాల్సిన యంత్రం తన మీద ఉన్న కట్టడిని తానే తెంపుకుని, ఎవరికీ చెప్పకుండా కూర్చుని సీరియళ్లు చూస్తుంటుంది. ఇంతలో తాను కాపాడాల్సిన మనుషులను ఎవరో చంపాలని చూస్తున్నారని తెలుస్తుంది. ఆ యంత్రమే కథ చెప్తుంది, విసుగ్గా, చిన్న చిన్న వాక్యాల్లో. కథలే కావాలంటే 'అసిమోవ్స్ మిస్టరీస్' అనే సంపుటి ఉంది, 1968 నాటిది. ఒక్క కథ చదివించి చూస్తే ఆ మనిషికి ఈ రకం పడుతుందో లేదో తేలిపోతుంది.

నోటితో చెప్పే మూడు మాటలు

ఎక్కడ, ఏ నియమం, ఏం జరిగింది. ఈ మూడూ చెప్పి ఆపండి. "చివర్లో మస్తు ట్విస్టుంటది" అని అసలు అనొద్దు. ట్విస్ట్ ఉందని తెలిసిన మనిషి కథ చదవడు, దాని కోసం కాపలా కాస్తాడు. పుస్తకం వెనక అట్ట మీద రాసింది కూడా నమ్మకండి, కొన్ని సగం కథ చెప్పేస్తాయి. ముందుమాట ఉంటే చివర చదవమనండి.

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసే అన్న ఒకాయన ఉన్నాడు. డిగ్రీ చదివాడు, ఇంగ్లిష్ మెల్లగా చదువుతాడు. 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' అయ్యాక దాని తర్వాతి పుస్తకం 'ద నేకెడ్ సన్' ఇచ్చేటప్పుడు మా మధ్య నడిచిన మాటలివి:

"అన్నా, ఒక గ్రహం. ఇరవై వేల మందే ఉంటరు. రోబోలు ఇరవై కోట్లు. ఒక్కొక్కరికి మండలమంత జాగ. మనిషి ఎదురుంగ మనిషి కూసోడు, ఆ మాటంటేనే వాళ్లకు కడుపుల తిప్పుతది. మాట్లాడాలంటే బొమ్మ వస్తది, మన వీడియో కాల్ లెక్క."

"మన కరోనా టైం తీరు."

"అగో, గట్లనే. గసోంటి జాగల ఒకాయన తల పగిలి చచ్చిపోయిండు. తల పగలగొట్టాలంటే దగ్గరికి పోవాలె గద?"

"పోవాలె. మరి రోబో కొట్టిందా?"

"రోబోలకు కట్టడి ఉండె గద, మొన్ననే చదివినవు."

"మరెవరు?"

అక్కడ ఆపి పుస్తకం చేతిలో పెట్టాను. ఇంకో మాట మాట్లాడి ఉంటే చెడగొట్టేవాణ్ణి. నిజానికి నాలుక చివరి దాకా వచ్చింది, చాయ్ తాగి మింగేశాను.

పుస్తకం దొరకబుచ్చుకోవడం

మన జిల్లా గ్రంథాలయాల్లో కుర్చీలన్నీ పోటీ పరీక్షల పిల్లలవే, ఇంగ్లిష్ నవలల అర వెతుక్కోవాలి. అయినా ఒకసారి వెతకండి, దుమ్ములో ఏమున్నదో ఎవరికెరుక. హైదరాబాద్ పోయే పని ఉంటే ఆదివారం పెట్టుకోండి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత అసిమోవ్‌లు దొరుకుతాయి. చలికాలంలో పుస్తక ప్రదర్శన ఉండనే ఉంది. ఫోన్‌లో చదవగలిగేవాళ్లకు మొదటి అధ్యాయం ఉచిత శాంపిల్ దించుకోమని చెప్పండి. మనిషికి పడుతుందో లేదో చూడటానికి అది చాలు.

పాత పుస్తకం కొంటే ముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూడండి. నవ్వకండి. వేరే ఊళ్లో ఒక పాత పుస్తకాల బండి మీద కొన్న హత్య నవలలో చివరి ఎనిమిది పేజీలు లేవు. ఆ సంగతి నాకు రాత్రి ఒంటి గంటకు తెలిసింది. హంతకుడెవరో తెలుసుకోవడానికి ఇంకో కాపీ దొరికే దాకా ఆగాను, నాలుగు నెలలు.

ఎవరికి ఏది ఇచ్చారో రాసుకోవడానికి ఒక నోటుబుక్ పెట్టండి. అప్పు ఖాతాలా కాదు, మొహమాటం వస్తుంది. పేరు, పుస్తకం, తేదీ. ఇంకో గడి ఖాళీగా వదలండి, దాని పని ఇప్పుడు చెప్తాను.

సగంలో ఒకసారి పలకరించండి

ఇచ్చి పది పన్నెండు రోజులయ్యాక "చదివారా?" అని అడగకండి. చదవనివాళ్లు మీరు కనబడితే రోడ్డు అటు పక్కకు పోతారు. "ఎవరి మీద అనుమానం?" అని అడగండి. చదివితే జవాబు ఉంటుంది, చదవకపోతే "ఇంకా అక్కడిదాకా రాలే" అని మర్యాదగా తప్పుకునే దారి ఉంటుంది. అనుమానం చెప్పగానే ఆ ఖాళీ గడిలో పేజీ నంబర్‌తో సహా రాసుకోండి. మీ ముఖం మాత్రం రాయిలా ఉండాలి. "ఔనా", "చూద్దాం" లాంటివి కూడా వద్దు. మా టీచర్ గారు నా కనుబొమ్మలు చూసి ఒకసారి హంతకుణ్ణి పట్టేశాడు. ఎంతైనా యుగంధర్ శిష్యుడు. అప్పటి నుంచి ఫోన్‌లోనే అడుగుతున్నా.

నచ్చలేదంటే వెంటనే తిరిగి తీసుకోండి. "ఇంకో యాభై పేజీలు చదవండి, తర్వాత బాగుంటది" అని బతిమాలొద్దు. ఎక్కడ ఆపారో మాత్రం చూడండి. నియమాలు చెప్పే చోట ఆపితే మీ చీటీ సరిగ్గా లేదు. శవం దొరికాక ఆపితే ఆ మనిషికి "ఎవరు" అక్కర్లేదు, "ఎట్ల" పుస్తకం ఇచ్చి చూడండి.

మీరు మొదటిసారి చదివినప్పుడు ఎవరిని అనుమానించారో కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తప్పయితే ఇంకా మంచిది. ఎదుటివాళ్లు పూర్తి చేసి వచ్చాక అది చూపించొచ్చు. మిల్లు అన్న 'ద నేకెడ్ సన్' తిరిగి తెచ్చినప్పుడు అట్ట మీద తవుడు దుమ్ము ఉంది, మూల ఒకటి మడత పడింది. నా నోటుబుక్‌లో తొంభయ్యో పేజీ దగ్గర ఆయన చెప్పిన పేరు తప్పు. దానికి ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "నేను చెప్పినామె చేసినా సరిపోయేదే గద?" అని పది నిమిషాలు వాదించాడు. ఒక చోట మాత్రం పొరపాటు దొరికింది, ఒప్పుకున్నాడు. అప్పుడు నా పాత కాగితం తీసి చూపించాను. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని చదివాడు. "గీయన్నా? గీయన మీద నాకు ఒక్క నిమిషం గూడ డౌట్ రాలే" అని పకపకా నవ్వి, ఆ రోజు చాయ్ పైసలు నన్నే ఇయ్యమన్నాడు.